ఖోకా లెక్క

ఒరే, ఆగాగు! ఆ కట్టె మంటలో వెయ్యకు. ఇలా తే.

విరిగిన కుర్చీ కాలు వేశారు, బేస్‌మెంట్‌లో పడున్న పాత తలుపు వేశారు, నేను కాదన్నానా? మీ నాన్న ఆన్‌లైన్‌లో పిడకలు కొని తెప్పిస్తే నవ్వానే గాని వద్దన్లేదు. భోగి నాడు పాతవన్నీ అగ్గిలో వెయ్యాల్సిందే. కానీ ఇది కుర్చీ కాలు కాదురా నాన్నా, తుపాకీ కొయ్య. గొట్టం కింద ఉండే ముందు కొయ్య. చీలిపోతే ఊడదీసి వేరేది బిగించాను, దీన్ని పారెయ్యబుద్ధి కాక గరాజ్‌లో పెట్టాను. ఇదిగో, ఇక్కడ అడ్డంగా ఒక మర బిగించి ఉంది చూశావా? కొయ్య చీలకుండా మన దేశంలో ఇషాపూర్ ఫ్యాక్టరీ వాళ్ళు బిగించేవారు. ఇక్కడి సేకరణదారులు దాన్ని ఇషాపూర్ స్క్రూ అనే అంటారు. మీ ఒహాయో మంచులో కూచుని నేనిది చూస్తే నాకు కలకత్తా పక్కన హుగ్లీ ఒడ్డు కనిపిస్తుంది. కాకినాడా కనిపిస్తుంది, అది వేరే సంగతి.

దగ్గరికి జరగండి, చలి. అమ్మలూ, నువ్వు ఆ రగ్గు కప్పుకో. లోపలికెళ్ళి నా బల్ల మీద కాఫీ డబ్బా ఉంటుంది, అది పట్రా. అందులో ఐదు ఖాళీ తూటాలున్నాయి. ఖాళీవేలే, మీ అమ్మని కంగారుపడొద్దని చెప్పు. తుపాకులేమో ఇనప్పెట్టెలో ఉన్నాయి, తాళంచెవి ఎక్కడుందో మీ మామ్మకి కూడా తెలీదు.

తెచ్చావా? తలో ఒకటి తీసుకోండి. ఐదిస్తున్నాను, గుర్తుపెట్టుకోండి.

దీన్ని మేం ఖోకా అనేవాళ్ళం. ఎన్‌సీసీ మాట, హిందీ. మీ చిటికెన వేలి గోరంత లావు కూడా లేదు కదూ. అడుగున అంచు మీద చిన్న నొక్కుంటుంది, వేలితో తడమండి. పెద్ద తూటాకి మందు అంటించే బిళ్ళ నడిమధ్య ఉంటుంది, సూది అక్కడ పొడుస్తుంది. దీనికి బిళ్ళే లేదు. ఆ అంటుకునే మందు అంచు లోపల చుట్టూరా పరిచి ఉంటుంది. సూది అంచుని నొక్కితే చాలు. అందుకే రిమ్‌ఫైర్ అన్నారు. 1857లో స్మిత్ అండ్ వెసన్ వాళ్ళు ఓ చిన్న పిస్తోలు కోసం దీని పొట్టి తాతని చేశారు. ఇప్పుడు మీ చేతిలో ఉన్న పొడుగు రకం 1887లో వచ్చింది. సిపాయిల తిరుగుబాటు ఏడాది పుట్టిన తూటా ఇంకా దుకాణాల్లో అమ్ముతున్నారంటే చూడండి.

సరే, కాకినాడ. 1964. నేను పీయూసీలో చేరాను. దానికి రెండేళ్ళ ముందు చైనాతో యుద్ధం జరిగింది, మనం బాగా దెబ్బతిన్నాం. దాంతో 1963లో కాలేజీ కుర్రాళ్ళందరికీ ఎన్‌సీసీ తప్పనిసరి చేసేశారు. 1968లో మళ్ళీ ఇష్టమున్నవాళ్ళకే అన్నారు గాని, నేను ఆ మధ్యలో ఇరుక్కున్నవాణ్ణి. గంజి పెట్టి అట్టముక్కలా చేసిన ఖాకీ నిక్కరు, కాళ్ళకి రెండు సైజులు పెద్దవైన బూట్లు, ఇత్తడి బకిల్‌కి బ్రాసో. పెరేడ్ అయ్యాక పెట్టే టిఫిన్ కోసం సగంమంది వచ్చేవాళ్ళు. నేనూ ఆ సగంలోవాణ్ణే.

మాకు నేర్పడానికి ఒక హవల్దారు గారుండేవారు. ఉత్తరాది మనిషి, పేరెట్టి ఎవరూ పిలవలేదు, ఉస్తాద్ అంతే. ఆయనకి తెలుగు రాదు, మాకు హిందీ రాదు. మొదటి రోజు తుపాకీ చేతికిచ్చి "శిస్త్ లో!" అన్నాడు. మేం ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం. నా పక్కవాడు కరణంగారబ్బాయి. "ఏవిటిరా, ఈయన మన దగ్గర శిస్తు వసూలు చేస్తాడా?" అన్నాడు. శిస్త్ అంటే గురి అని తెలియడానికి వారం పట్టింది. ఇప్పటికీ భూమి శిస్తు అనే మాట పేపర్లో కనపడితే నాకు ఎడమ కన్ను దానంతటదే మూసుకుపోతుంది.

ఆ తుపాకీ చూడ్డానికి అచ్చం యుద్ధంలో వాడే త్రీ నాట్ త్రీ. పోలీస్ స్టేషన్లలో గొలుసేసి ఉంచేవారే, అదే. అదే కొయ్య, అదే బోల్టు, అదే బరువు, ఇంచుమించు నాలుగు కిలోలు. కానీ పేల్చేది మాత్రం ఇదిగో, ఈ పాయింట్ టూటూ. త్రీ నాట్ త్రీ గుండు తులానికి కాస్త తక్కువ. దీని గుండు పావు తులం కూడా ఉండదు. పెద్దది ఎక్కడో మైలు దాటి పడుతుంది, దానికి పెద్ద మైదానం కావాలి, వెనకాల కొండ ఉంటే ఇంకా మంచిది. దీనికి ఊరి బయట ఇసకదిబ్బ చాలు. 25 గజాల దూరంలో అట్టకి అంటించిన కాయితం, దుప్పటి మీద బోర్లా పడుకున్న కుర్రాడు, ఐదు తూటాలు. ఖర్చు తక్కువ, భుజానికి దెబ్బ లేదు, చప్పుడు చెవులు చిల్లులు పడేంత కాదు. కానీ చేతులకి మాత్రం అసలు తుపాకీ అలవాటైపోతుంది. అదీ అందులో ఉన్న కిటుకు.

దానికి కింద మ్యాగజీన్ పెట్టె ఉండేది గాని, అది ఉత్తి డొల్ల. లోపల స్ప్రింగూ లేదు, ఏమీ లేదు. పది తూటాలు పెట్టుకుని టపటపా పేల్చడం కుదరదు. ఒక్కటి వేలితో పెట్టాలి, బోల్టు మూయాలి, గురి చూడాలి, పేల్చాలి, తియ్యాలి. మళ్ళీ ఒక్కటి. పదిహేడేళ్ళ వెధవలు పదిమందిని వరసగా పడుకోబెట్టినప్పుడు ఎవడి తుపాకీలో ఏముందో ఉస్తాద్‌కి తెలియాలిగా మరి.

ఆ రోజు నేను ఐదు పేల్చాను. గ్రూపింగ్ అంటారు, ఐదు చిల్లులూ ఎంత దగ్గరగా పడితే అంత గొప్ప. నావి మూడు రూపాయి బిళ్ళ కిందకొచ్చాయి, నాలుగోది పక్కవాడి కాయితం మీద పడింది, ఐదోది భగవంతుడికెరుక. అది కాదు గొడవ. లేచాక ఖోకాలు అప్పగించాలి. నాలుగే ఉన్నాయి.

ఎన్‌సీసీలో గురి తప్పినా ఒప్పుకుంటారు గాని ఖోకా పోతే ఒప్పుకోరు. ఐదిచ్చారు అంటే ఐదు ఖాళీవి తిరిగి రావాలి, రిజిస్టర్లో రాయాలి. లేదంటే ఐదోది ఎవడో జేబులో వేసుకుపోయాడని లెక్క. ఉస్తాద్ ఒక్క మాట అనలేదు. చేత్తో ఇసక చూపించాడు. అందరం మోకాళ్ళ మీద కూలబడ్డాం. పొద్దెక్కిపోయింది, టిఫిన్ చల్లారిపోయింది. ఎవడో దగ్గర్లో ఇంటికెళ్ళి జల్లెడ అడిగి తెచ్చాడు. ఇసక జల్లించాం. పాత మేకు దొరికింది, గాజుముక్క దొరికింది, ఎవరిదో ముక్కుపుడక కూడా దొరికింది, ఖోకా దొరకలేదు. నా వైపు చూసిన చూపులు మీకెలా చెప్పను. కరణంగారబ్బాయైతే నెల్లాళ్ళు మాట్లాడలేదు.

రెండు గంటలయ్యాక ఉస్తాద్ నా తుపాకీ తీసుకుని, మ్యాగజీన్ డొల్ల ఊడదీసి, బోర్లించి అరిచేతిలో తట్టాడు. టింగుమని ఖోకా పడింది. బోల్టు లాగినప్పుడు పైకి ఎగరక లోపలికి జారిపోయిందన్నమాట. అసలు ఆ డొల్ల ఉన్నదే అందుకట, ఖోకాలు పట్టడానికి! ఆయనకి ఆ సంగతి ముందే తెలుసని నాకిప్పటికీ అనుమానం. మీసం కింద నవ్వుతున్నాడు.

అప్పుడు తెలీదు గాని ఆ తుపాకీకి పెద్ద కథే ఉంది. చెప్తా. ఆ పిడక ఇటు వెయ్యి.

1899లో దక్షిణాఫ్రికాలో బోయర్లని డచ్చి సంతతి రైతులతో ఇంగ్లీషువాళ్ళు యుద్ధానికి దిగారు. చిన్నప్పట్నుంచీ జింకల్ని వేటాడిన రైతులు వాళ్ళు. కందకంలో పడుకుని ఒక్కొక్క గుండుకీ ఒక్కొక్కణ్ణి కొట్టారు. డిసెంబరులో ఒక్క వారంలో మూడు చోట్ల ఇంగ్లీషు సైన్యం చావుదెబ్బ తింది. మూడోది కొలెన్సో, డిసెంబరు 15. అక్కడ ఫిరంగుల్ని వెనక్కి తేబోయి ఒక కుర్ర లెఫ్టినెంట్ గుండు తగిలి పడిపోయాడు, రెండ్రోజులకి చచ్చిపోయాడు. వాడి పేరు ఫ్రెడరిక్ రాబర్ట్స్, లార్డ్ రాబర్ట్స్ ఒక్కగానొక్క కొడుకు. ఆ తండ్రి ఎవరనుకున్నారు? 1881 నుంచి నాలుగేళ్ళు మన మద్రాసు సైన్యానికి సేనాధిపతిగా చేసినవాడే. మన గోదావరి జిల్లా అప్పుడు ఆయన చేతికిందదే అనుకోండి.

ఇంకో ముక్క వినండి, ఇది చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఆ కుర్రాణ్ణి యుద్ధభూమి నుంచి మోసుకొచ్చింది గాంధీ గారి దళం. అవును, గాంధీ గారే, అప్పుడు అక్కడ లాయరు. గాయపడ్డవాళ్ళని డోలీల్లో మొయ్యడానికి పదకొండు వందలమందిని కూడగట్టారు, అందులో ఎక్కువమంది ఒప్పంద కూలీలు. ఆ నేటాల్ కూలీలెవరు? 1860లో ట్రూరో అనే ఓడ మద్రాసు రేవు నుంచి మొదటి జట్టుని తీసుకెళ్ళింది మొదలు, గంజాం, విశాఖపట్నం, గోదావరి నుంచి చెరకు తోటలకి వెళ్ళినవాళ్ళు, అరవవాళ్ళు. మద్రాసు సేనాధిపతి కొడుకుని మద్రాసు రాజధాని కూలీలు భుజాన వేసుకున్నారు. గాంధీ గారు తన దక్షిణాఫ్రికా పుస్తకంలో ఈ మోత సంగతి రాశారు.

కొడుకు పోయాక ముసలాయన దక్షిణాఫ్రికా వెళ్ళి సేనని నడిపాడు, తిరిగొచ్చాక తన దేశపు కుర్రాళ్ళకి గురి నేర్పాలని పట్టుబట్టాడు. చిన్న తుపాకీ క్లబ్బులు ఊరూరా పుట్టించాడు. ఫ్యాక్టరీ గుమాస్తాలు, గనుల్లో పనివాళ్ళు సాయంత్రం పూట సారా కొట్టు వెనక గదిలో పాయింట్ టూటూ పేల్చేవారు. సైన్యమూ పాత తుపాకుల గొట్టాలు మార్చి శిక్షణకిచ్చింది. బర్మింగ్‌హామ్‌లో పార్కర్ అనే ఆయన ఇంకో ఉపాయం చేశాడు. అరిగిపోయిన పెద్ద గొట్టాన్ని తొలిచి, లోపల మరలు చెక్కిన సన్న గొట్టం దించేశాడు. పాత కుండలో చెంబు పెట్టినట్టు. 1926లో పేర్లు మార్చినప్పుడు వీటికి నంబర్ టూ మార్క్ ఫోర్ అని పెట్టారు. అదేరా నా తుపాకీ. అదెప్పుడో 1917లో పుట్టి, ఏ కందకంలోనో తిరిగి, ముసలిదయ్యాక పిల్లలకి అఆలు దిద్దించడానికి కాకినాడ వచ్చింది. రిటైరైన హెడ్మాస్టరు ట్యూషన్లు చెప్పుకున్నట్టు.

ఈ దేశం వచ్చాక చాలా ఏళ్ళు తుపాకీ వంక చూడలేదు. 1990లలో అనుకుంటా, ఆఫీసులో ఒకాయన బలవంతాన తుపాకుల సంతకి లాక్కెళ్ళాడు. సంత అంటే నిజంగా సంతే, బల్లల మీద పరిచి అమ్ముతారు, పక్కనే ఊరగాయలూ అమ్ముతారు. ఒక మూల మసకబారిన కొయ్య, దానికి అడ్డంగా ఈ మర. నా కాళ్ళు ఆగిపోయాయి. అమ్మేవాడు ఏదో చెప్తున్నాడు, నేను వినట్లేదు. మ్యాగజీన్ ఊడదీసి బోర్లించి అరిచేతిలో తట్టాను. చచ్చిన సాలీడు పడింది. వాడు నన్ను పిచ్చివాడనుకుని ఉంటాడు, వెంటనే ఇరవై డాలర్లు తగ్గించాడు.

అప్పట్నుంచీ అదొక రోగం. ఇక్కడ యాభై ఏళ్ళు దాటిన తుపాకులు సేకరించేవాళ్ళకి వేరే లైసెన్సుంది, తీసుకున్నాను. మన దేశంలో అయితే కుదిరే పని కాదు. 2019లో చట్టం మార్చాక మనిషికి రెండు తుపాకులే, అవీ కలెక్టరు చుట్టూ తిరిగితే.

మిగతా సేకరణదారులు నంబర్లు కలిశాయా, రంగు పోయిందా అని చూస్తారు. నేను ముందు మూతి చూస్తాను. ఎందుకో చెప్పనా? మేం పేల్చాక గొట్టం తుడవడానికి పుల్‌త్రూ అని తాడుండేది, చివర చిందీ గుడ్డ కట్టి లాగాలి. ఉస్తాద్ "సీదా, సీదా" అని అరుస్తూనే ఉండేవాడు, మేం ఆకలి మీద పక్కకి లాగేసేవాళ్ళం. అలా వేలమంది లాగితే ఇనుము కూడా తాడుకి అరుగుతుందిరా, నూతి గిలక దగ్గర రాయి అరిగినట్టు. దీపం పెట్టి చూస్తే మూతి ఒక పక్క గుడ్డులా సాగి ఉంటుంది. అమ్మేవాళ్ళు దాన్ని లోపం అంటారు. లోపమే, ధర తగ్గుతుంది. నేను ఆనందంగా కొంటాను.

గొట్టం లోపలా చూడాలి. పాత తూటాల మందు పేలాక ఉప్పు మిగిల్చేది. అది తేమ తాగి గొట్టాన్ని తినేసేది. 1920ల చివర్లో గాని తుప్పు పట్టించని మందు రాలేదు. అంతకు ముందువి సగం పుచ్చిన పళ్ళలా ఉంటాయి. ఇంకోటి, ఖాళీ తుపాకీ మీట నొక్కి టిక్కుమనిపించే సరదా మీకెప్పుడైనా వస్తే, వద్దు. సూదికి అంచు దొరక్క గొట్టం నోటినే పొడిచి గంటు పెడుతుంది. నా దగ్గరున్న పాతికలో ఎనిమిదింటికి అలాంటి గంట్లున్నాయి.

పాతికలో మనవాళ్ళవి నాలుగే. మన ఒహాయోదీ ఒకటుంది. ఇక్కడి నేషనల్ గార్డులో కల్నల్ విండర్ అని ఒకాయన, తక్కువ ఖర్చులో కుర్రాళ్ళకి గురి నేర్పాలని విన్‌చెస్టర్ వాళ్ళ వెంటపడ్డాడు. వాళ్ళ 1885 నాటి సింగిల్ షాట్ తుపాకీకి పొడుగు కొయ్య తొడిగి, దానికి ఆయన పేరే పెట్టారు. దానికి బోల్టు లేదు, కింద మీట నొక్కితే దిమ్మ కిందికి దిగుతుంది. గడియారంలా ఉంటుంది ఆ పని. మొన్న ఎండాకాలంలో ఎరీ సరస్సు ఒడ్డున క్యాంప్ పెర్రీకి తీసుకెళ్ళానే, 1907 నుంచి పోటీలు జరిగే చోటు, అక్కడ మీరు ఐస్‌క్రీం తిని పడుకున్నారు గాని నేను దాంతో పేల్చాను.

జర్మనీది మాత్రం నాకు ఇంట్లో పెట్టుకోవాలంటే కొంచెం బెరుకు. మొదటి యుద్ధం ఓడిపోయాక వాళ్ళకి లక్షమంది సైనికులకి మించొద్దని షరతు. హిట్లరొచ్చాక 1934లో ఒక నమూనా తీశారు, పేరేమో స్పోర్ట్ మోడల్, ఆట తుపాకీ. తీరు చూస్తే అక్షరాలా సైన్యపు మౌజర్. ఒక్కొక్క పాయింట్ టూటూ పెట్టుకుని పేల్చడమే. ఆటకైతే దానికి సైనికుడి వారు తగిలించే కొక్కెం ఎందుకు, యుద్ధంలో వాడే గురికమ్మీ ఎందుకు? ఇక్కణ్ణుంచి వెళ్ళిన సైనికుడొకడు సంచిలో వేసుకొచ్చాడు, అతని భార్య నాకమ్మింది. కొయ్య మీద మేకుతో గీసిన రెండక్షరాలున్నాయి. నా వయసు కుర్రాడే గీసుంటాడు, కాకినాడలో నా వయసు. వాడు తర్వాత ఏమయ్యాడో ఆలోచించకుండా దాన్ని తుడవలేను. అందుకని తక్కువసార్లు తుడుస్తాను, తుప్పు వస్తోంది.

రష్యా వాళ్ళ తులా తుపాకీ ఉంది, 1932 నాటి నమూనా, మోటుది, పాడవదు. పోలండ్‌ది ఉంది, పెద్దదాన్ని ఉతికితే కుదించుకుపోయినట్టుంటుంది. ఇంగ్లండులో రెండో యుద్ధం అయ్యాక నంబర్ ఎయిట్ అని కొత్తది చేశారు, అదీ ఒక్క తూటాదే. అక్కడి కేడెట్లు అరవై ఏళ్ళకి పైగా దాంతోనే నేర్చుకున్నారు. అది నా దగ్గర లేదు. మీ నాన్నకి చెప్పకండి, వెతుకుతున్నాను.

2012లో గగన్ నారంగ్ లండన్‌లో కంచు పతకం కొట్టిన రోజు నేను టీవీ ముందు కూచున్నాను, మన హైదరాబాద్‌లో పెరిగిన కుర్రాడు కదా. అది గాలి తుపాకీ, రకం వేరు. కానీ ఆ చెయ్యి చూశాను. ఒక్కటి పెట్టాడు, మూశాడు, ఊపిరి వదిలాడు, పేల్చాడు. మళ్ళీ ఒక్కటి. "ఉస్తాద్!" అని అరిచానట, మీ మామ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

అదిగో, పిలుస్తోంది. చిన్నదానికి భోగిపళ్ళు పొయ్యాలి. రేగుపళ్ళు దొరక్క మళ్ళీ ఆ ఎర్ర క్రాన్‌బెర్రీలే కలిపినట్టుంది. పదండి, మంట ఎలాగూ ఆరుతోంది.

ఖోకాలు ఇలా ఇచ్చి వెళ్ళండి. ఒకటి, రెండు, మూడు... నాలుగు.

ఐదిచ్చాను కదా. జేబులు తిప్పండి. ఒరే, ఎవరూ లోపలికి వెళ్ళకండి!